పార్శిలు దారిలో నిలబడిన పొగాకు చట్టం

అమెరికాలో పొగాకును ఆన్‌లైన్‌లో అమ్మడాన్ని సమాఖ్య ప్రభుత్వం ఈనాటి వరకు నేరుగా నిషేధించలేదు. అయినా 2010 తర్వాత సిగరెట్లను, 2021 తర్వాత ఈ-సిగరెట్లను ఇంటికి తెప్పించుకోవడం సామాన్యుడికి గగనమైపోయింది. అమ్మకాన్ని ముట్టుకోకుండానే ఇంత మార్పు రావడానికి కారణం ఒక్కటే: చట్టం దుకాణం గుమ్మాన్ని వదిలిపెట్టి, పార్శిలు వెళ్లే దారిలో నిలబడింది. పశ్చిమ న్యూయార్క్‌లో చిన్న దుకాణాల లెక్కలు చూడడం నా వృత్తి. నా దగ్గరకు వచ్చేవారిలో పెట్రోలు బంకులు, చిల్లర దుకాణాలు, వేప్ (ఈ-సిగరెట్) దుకాణాలు నడిపే తెలుగువారు కూడా ఉన్నారు. వారిలో చాలామంది అడిగే మొదటి ప్రశ్న, ఆన్‌లైన్‌లో అమ్మడం చట్టబద్ధమేనా అని. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం కష్టం కాదు. అమ్మిన సరుకును ఎవరు మోస్తారు అన్న రెండో ప్రశ్నే అసలైనది, దానికి జవాబు చెప్పాలంటే కొంత వెనక్కి వెళ్లాలి.

ఈ వ్యాపారం పుట్టిందే రాష్ట్రాల పన్నుల తేడా మీద. మిస్సోరీలో 20 సిగరెట్ల ప్యాకెట్టుపై రాష్ట్ర పన్ను 17 సెంట్లు. న్యూయార్క్ రాష్ట్రంలో 2010 జూలైలో అది 4.35 డాలర్లకు చేరింది, 2023 సెప్టెంబరు నుంచి 5.35 డాలర్లయింది. న్యూయార్క్ నగరంలో ఉండేవారు దాని మీద మరో డాలరున్నర కట్టాలి. అంటే పది ప్యాకెట్ల కార్టన్ ఒకటి కొంటే నగరవాసిపై పడే ఈ రెండు పన్నులే 68.50 డాలర్లు, అదే కార్టన్‌కు మిస్సోరీవాసి రాష్ట్రానికి కట్టేది 1.70 డాలర్లు. ఇంత తేడా ఉన్నచోట సరుకు తక్కువ పన్ను ఉన్న చోటి నుంచి ఎక్కువ పన్ను ఉన్న చోటికి పారకుండా ఉండదు. దీన్ని గమనించే 1949లో జెన్‌కిన్స్ చట్టం చేశారు. వేరే రాష్ట్రంలోని వ్యక్తికి సిగరెట్లు పంపే వ్యాపారి, కొన్నవారి పేరు, చిరునామా, కొన్న పరిమాణం రాసి ప్రతి నెలా 10వ తేదీలోగా ఆ రాష్ట్రపు పన్ను శాఖకు పంపాలి, ఆ జాబితా పట్టుకొని రాష్ట్రం తన పౌరుడి దగ్గర పన్ను వసూలు చేసుకోవాలి అన్నది దాని ఆలోచన. ఉత్తరాల ద్వారా ఆర్డర్లు వచ్చే రోజుల్లో అది ఎలాగోలా సాగింది. ఇంటర్నెట్ వచ్చాక అది కాగితం మీది చట్టమైంది. అమెరికా చట్టసభ కాంగ్రెస్ తరఫున లెక్కలు తనిఖీ చేసే సంస్థ 2002లో 147 సిగరెట్ వెబ్‌సైట్లను పరిశీలిస్తే, ఈ చట్టాన్ని పాటిస్తున్నామని చెప్పినది ఒక్కటీ లేదు. తాము పాటించడం లేదని సూచించే మాటలు 114 సైట్లలో బాహాటంగానే ఉన్నాయి. మీ పేరు ఎవరికీ చెప్పము అన్న హామీయే అక్కడ పెద్ద ప్రకటన.

రాష్ట్రాలు చేతులు కట్టుకొని కూర్చోలేదు. న్యూయార్క్ 2000లోనే సిగరెట్లను నేరుగా వినియోగదారుడికి పంపడాన్ని నిషేధించింది, 2003లో సమాఖ్య అప్పీలు న్యాయస్థానం ఆ నిషేధాన్ని సమర్థించింది. మెయిన్ రాష్ట్రం మరో అడుగు ముందుకు వేసి, పార్శిళ్లలో పొగాకు ఉందో లేదో చూసుకోవలసిన బాధ్యతను, అందుకొనేవారి వయసు పరీక్షించే బాధ్యతను రవాణా సంస్థలపైనే పెట్టింది. రవాణా సంస్థల ధరలు, దారులు, సేవల విషయంలో రాష్ట్రాలు జోక్యం చేసుకోరాదన్న సమాఖ్య చట్టం ఉంది కనుక ఇది చెల్లదని 2008లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. న్యూ మెక్సికోలోని ఒక ఆన్‌లైన్ వ్యాపారి జెన్‌కిన్స్ నివేదికలు పంపనందువల్ల తమ రాబడి పోయిందని న్యూయార్క్ నగరం వేసిన దావా 2010 జనవరిలో అదే కోర్టులో ఓడిపోయింది. వ్యాపారి తప్పుకూ నగరం నష్టానికీ మధ్య దూరం ఎక్కువైపోయిందన్నది అక్కడి తర్కం. ఈలోగా రాష్ట్రాల అధికారులతో ఒప్పందాలు చేసుకొని, 2005లో క్రెడిట్ కార్డు కంపెనీలు ఈ అమ్మకాలకు చెల్లింపులు జరపడం మానుకుంటామన్నాయి, 2005, 2006 సంవత్సరాలలో డీహెచ్ఎల్, యూపీఎస్, ఫెడెక్స్ అనే పార్శిలు సంస్థలు ఇళ్లకు సిగరెట్లు మోయడం మానుకుంటామన్నాయి. మిగిలింది ప్రభుత్వ తపాలా శాఖ ఒక్కటే. చట్టం చెప్పనిదే ఫలానా సరుకు తీసుకోనని అనడానికి దానికి వీల్లేదు, అతికించిన పార్శిలును వారెంటు లేకుండా విప్పి చూడడానికీ వీల్లేదు. అందువల్ల వ్యాపారమంతా తపాలా మీదికి మళ్లింది.

ఈ ఖాళీని పూడ్చడానికి వచ్చినదే ప్యాక్ట్ అని అందరూ పిలిచే సిగరెట్ల అక్రమ రవాణా నిరోధక చట్టం. విస్కాన్సిన్ సెనేటర్ హెర్బ్ కోల్ ప్రవేశపెట్టిన ఈ బిల్లుపై 2010 మార్చి 31న ఒబామా సంతకం చేశారు, అదే ఏడు జూన్ 29న అమలులోకి వచ్చింది. అందులోని షరతులు కఠినమైనవే. వ్యాపారి పేరును సమాఖ్య ప్రభుత్వం వద్దా, సరుకు పంపే ప్రతి రాష్ట్రం వద్దా నమోదు చేయించాలి. ఆర్డరు తీసుకునేటప్పుడే కొనేవారి వయసును ప్రభుత్వ రికార్డుల ఆధారంగా తయారైన డేటాబేస్‌తో సరిచూడాలి. ఒక్కో పార్శిలు 10 పౌండ్లు మించకూడదు. లోపల పొగాకు ఉందని, పన్నులన్నీ కట్టవలసి ఉందని పైన ప్రకటన అంటించాలి. అందుకొనే పెద్దవారు గుర్తింపు కార్డు చూపించి సంతకం పెట్టాలి. కొనేవారి రాష్ట్రంలో చెల్లించవలసిన పన్నంతా సరుకు బయలుదేరక ముందే కట్టి ఉండాలి. పాత చట్టంలో చిన్న నేరంగా ఉన్నది ఇప్పుడు మూడేళ్ల జైలుకు దారితీసే నేరమైంది. అయితే వీటన్నిటికంటే బలమైన వాక్యం మరొకటి ఉంది: సిగరెట్లు, చుట్టుకునే పొగాకు, నోటిలోనో ముక్కులోనో పెట్టుకునే పొగాకు ఇకపై తపాలాలో పంపదగినవి కావు. చుట్టలను, పైపులో వేసుకునే పొగాకును మాత్రం ఈ నిషేధం నుంచి వదిలేశారు. అలాస్కా, హవాయి రాష్ట్రాల లోపలి రవాణాకు, ఒకరికొకరు వ్యాపారేతరంగా పంపుకునే చిన్న పొట్లాలకు, లైసెన్సు ఉన్న వ్యాపారుల మధ్య రవాణాకు షరతులతో కూడిన మినహాయింపులు ఉన్నాయి.

ఈ వాక్యం ఎవరి మీద పడిందో ఇక్కడ ఉండేవారికి ప్రత్యేకంగా చెప్పనవసరం లేదు. పశ్చిమ న్యూయార్క్‌లోని బఫెలో నగరానికి దక్షిణంగా కారులో వెళ్తే కాటరాగస్, అలెగనీ అనే సెనెకా ఆదివాసుల భూములు వస్తాయి. సాలమాంకా పట్టణం దాదాపు మొత్తంగా వారి భూమి మీదనే ఉంది. 1794 నాటి కనండైగ్వా ఒడంబడిక ఈ భూములపై వారి హక్కును గుర్తించింది, 1842 నాటి ఒడంబడిక వాటిని పన్నుల నుంచి కాపాడతామని మాట ఇచ్చింది. తమ నేల మీద జరిగే వ్యాపారంపై న్యూయార్క్ రాష్ట్రానికి పన్ను వేసే అధికారం లేదన్న వారి వాదనకు ఆధారం ఇదే. ఆ వాదన కోసం 1997లో వారు జాతీయ రహదారిపై టైర్లు తగలబెట్టి రాకపోకలు ఆపారు, రాష్ట్రం వెనక్కి తగ్గింది. మరోవైపు, ఆదివాసులు కానివారికి అమ్మిన సిగరెట్లపై రాష్ట్రాలు పన్ను వేయవచ్చునని సుప్రీంకోర్టు 1980లోనే చెప్పి ఉంది. ఈ రెండు సత్యాల మధ్య ఉన్న ఇరుకు సందులోనే సెనెకా వ్యాపారులు తపాలా ద్వారా దేశమంతటికీ సిగరెట్లు పంపే పెద్ద పరిశ్రమను నిర్మించుకున్నారు. కర్మాగారాలు మూతపడుతూ వచ్చిన ఈ ప్రాంతంలో ఆ గిడ్డంగులలో పార్శిళ్లు కట్టే పని చాలా కుటుంబాలకు, ఆదివాసులు కానివారికి కూడా, నెల జీతం ఇచ్చింది. ఆ ఉద్యోగాలు చట్టం వచ్చిన ఏడాదే కరిగిపోవడం మొదలుపెట్టాయి.

వారు కోర్టుకు వెళ్లారు. 2010 జూలైలో బఫెలోలోని సమాఖ్య న్యాయమూర్తి రిచర్డ్ అర్కారా ఇచ్చిన ఉత్తర్వు, ఈ మొత్తం కథలో నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆలోచింపజేసిన పత్రం. ఒక రాష్ట్రంతో ఏ సంబంధమూ పెట్టుకోని వ్యాపారి, కేవలం ఒక్క ఆర్డరు పంపినందుకు ఆ రాష్ట్రానికి ముందుగానే పన్ను కట్టాలనడం రాజ్యాంగం హామీ ఇచ్చిన న్యాయప్రక్రియకు విరుద్ధం కావచ్చునని ఆయన ఆ నిబంధన అమలును నిలిపివేశారు. 2011లో అప్పీలు న్యాయస్థానం దానిని ఖాయం చేసింది, వాషింగ్టన్‌లో నడిచిన మరో కేసులోనూ 2013లో అదే ఫలితం వచ్చింది. అంటే పన్ను విషయంలో చిన్న వ్యాపారి గెలిచాడు. అయినా తపాలా నిషేధాన్ని మాత్రం ఏ న్యాయస్థానమూ కదిలించలేదు. పన్ను ముందే కట్టనవసరం లేదన్న ఉత్తర్వు చేతిలో ఉంది, సరుకు గిడ్డంగిలో ఉంది, మోసేవాడు లేడు. గెలిచిన వ్యాపారి కూడా దుకాణం కట్టేయవలసి వచ్చింది. ఒడంబడికల ప్రశ్నకు ఇందులో జవాబు దొరకలేదు, ఆ ప్రశ్న తేలకుండానే దాని ఫలితం మాత్రం తేలిపోయింది. ఒక జాతి తన సార్వభౌమత్వం గురించి వేసిన ప్రశ్నకు తపాలా నిబంధనతో బదులు చెప్పడం నాకు ఈనాటికీ అన్యాయంగానే కనిపిస్తుంది. సిగరెట్ పన్నులు అవసరమేనని, పిల్లల చేతికి పొగాకు అందకూడదని గట్టిగా నమ్మే మనిషిగానే ఈ మాట అంటున్నాను.

రవాణా సంస్థలకు చట్టం ఎంత భయం పెట్టిందో తర్వాతి కేసులు చూపించాయి. 2005 నాటి ఒప్పందాలను దేశమంతటా పాటించే సంస్థలకు ప్యాక్ట్ చట్టం మినహాయింపు ఇచ్చింది. ఆ ఒప్పందాన్ని పాటించకుండా ఆదివాసి ప్రాంతాల వ్యాపారుల సిగరెట్లు మోసిందని న్యూయార్క్ రాష్ట్రం, నగరం యూపీఎస్‌పై దావా వేస్తే, 2017లో కింది కోర్టు సుమారు 24.7 కోట్ల డాలర్లు చెల్లించమంది, 2019లో అప్పీలు న్యాయస్థానం దానిని 9.76 కోట్లకు తగ్గించింది. ఫెడెక్స్ అదే ఏడాది 3.5 కోట్ల డాలర్లకు పైగా ఇచ్చి రాజీ పడింది. ఇంత సొమ్ము పోయాక ఏ సంస్థ అయినా చిన్న వ్యాపారి పార్శిలు వల్ల వచ్చే నాలుగు డాలర్ల కోసం మళ్లీ ఆ దారికి రాదు.

2020 డిసెంబరు 27న సంతకమైన బృహత్తర వ్యయ బిల్లు లోపల ఈ-సిగరెట్లను పిల్లలకు ఆన్‌లైన్‌లో అమ్మకుండా నిరోధించే చిన్న చట్టం ఒకటి ఇమిడి ఉంది. అది ప్యాక్ట్ చట్టంలోని సిగరెట్ నిర్వచనంలో ఈ-సిగరెట్‌ను చేర్చింది. 2021 మార్చి 1న ఫెడెక్స్, ఏప్రిల్ 5న యూపీఎస్ వేప్ సరుకుల రవాణాకు స్వస్తి చెప్పాయి, అక్టోబరు 21న తపాలా శాఖ తుది నిబంధన వచ్చింది. ఆ బిల్లుకు ఏడాది ముందే, 2019 డిసెంబరులో, పొగాకు కొనే కనీస వయసు దేశమంతటా 21కి పెరిగింది. హైస్కూలు పిల్లలు వేప్‌కు అలవాటు పడుతున్న తీరు చూసినవారెవరూ ఈ తొందరను తప్పుపట్టలేరు. నేనూ తప్పుపట్టడం లేదు. నా అభ్యంతరమంతా నిర్వచనం విషయంలోనే. నికోటిన్‌నే కాక రుచినిగానీ మరే పదార్థాన్నిగానీ ఆవిరి రూపంలో అందించే ఏ పరికరమైనా, దాని విడిభాగాలు, అనుబంధ వస్తువులతో సహా, ఈ చట్టం కిందికి వస్తుంది. నికోటిన్ చుక్క కూడా లేని ద్రవం, ఖాళీ గాజు గొట్టం, వేడి తీగ, ఇవన్నీ చట్టం దృష్టిలో సిగరెట్లే. పొగ మాన్పించే మందుగా ప్రభుత్వ ఆమోదం పొందినవి మాత్రమే దీనికి బయట ఉన్నాయి.

నా దగ్గర లెక్కలు రాయించుకునే ఒక వేప్ దుకాణం యజమాని గుంటూరు జిల్లా నుంచి వచ్చినవారు. 2021 వేసవిలో ఆయన నా ముందు కాగితాల కట్ట పెట్టి, "పన్ను కట్టడానికి నాకేం అభ్యంతరం లేదండీ, ఎవరికి ఎంత, ఏ లెక్కన కట్టాలో చెప్పండి చాలు" అన్నారు. ఆ ప్రశ్నకు నేను ఒక్క రోజులో జవాబు చెప్పలేకపోయాను. ఉత్తర కరోలినాలో ద్రవం మీద మిల్లీలీటరుకు 5 సెంట్లు. మిన్నెసోటాలో టోకు ధరపై 95 శాతం. కొన్ని రాష్ట్రాలలో అసలు పన్నే లేదు, కానీ నమోదు ఉండాలి. కొన్నిచోట్ల అక్కడి టోకు లైసెన్సు లేనిదే పన్ను తీసుకోరు, అక్కడ గిడ్డంగి లేనిదే లైసెన్సు ఇవ్వరు. పైగా మా న్యూయార్క్ రాష్ట్రమైతే 2020 జూలై నుంచే వేప్ సరుకును ఇంటికి పంపడాన్ని నిషేధించింది కనుక పక్క ఊరి కొనుగోలుదారుకు కూడా పంపడానికి వీలులేదు. ఒంగోలు వేలం కేంద్రంలో పొగాకు అమ్ముకునే రైతుకు నమోదు ఒక్క పొగాకు బోర్డు వద్దే, ఆకును వేడితో ఆరబెట్టే బ్యారన్‌కు లైసెన్సూ అక్కడే, ప్రతి బేలుకూ లెక్క అక్కడే. రైతుకు ధర విషయంలో ఎన్ని కష్టాలున్నా ఏ గుమ్మం తొక్కాలో మాత్రం తెలుసు. ఇక్కడ చిన్న వ్యాపారి యాభై గుమ్మాలు తొక్కాలి, ఒక్కో గుమ్మం దగ్గర ఒక్కో దరఖాస్తు. పెద్ద కంపెనీలు ఈ పని కోసం న్యాయవాదులను, సాఫ్ట్‌వేర్‌ను పెట్టుకున్నాయి. ఆ గుంటూరు ఆయన మాత్రం ఆన్‌లైన్ విభాగాన్ని మూసివేశారు. లెక్క ప్రకారం అదే సరైన నిర్ణయమని సలహా ఇచ్చినవారిలో నేనూ ఉన్నాను.

ఇక కొనేవారి సంగతి. అనేక ఏళ్లు సిగరెట్ తాగి, వేప్‌కు మారి, దానిని కూడా తగ్గించుకుంటున్న వ్యక్తికి దగ్గరలో దుకాణం లేకపోతే ఇప్పుడు మిగిలిన దారి చిన్న ప్రైవేటు కొరియర్లు. అవి అన్ని ఊళ్లకూ రావు, వచ్చినా పెద్దవారి సంతకానికి అదనపు రుసుము తీసుకుంటాయి. పగలు పనికి వెళ్లేవారు ఇంట్లో ఉండరు కనుక పార్శిలు తిరిగి వెళ్లిపోతుంది. చేతిలో పట్టే చిన్న సీసా ఖరీదు కన్నా దాన్ని తెప్పించుకునే ఖర్చు ఎక్కువైనప్పుడు ఆ మనిషి మూల మీది బంకులో దొరికే సిగరెట్ ప్యాకెట్టువైపే చూస్తాడు. ఆరోగ్యం కోసం చేసిన చట్టం ఇలా పని చేయడం నాకు బాధ కలిగిస్తుంది. మరో విషయం చాలామందికి తెలియదు: నమోదైన వ్యాపారి దగ్గర కొన్నవారి పేరు, చిరునామా, సరుకు రకం, పరిమాణం నెలనెలా రాష్ట్రానికి వెళ్తాయి. ప్యాక్ట్ రాక ముందే కొన్ని పన్ను శాఖలు అటువంటి జాబితాలు సంపాదించి, ఏళ్ల కిందట కొన్న కార్టన్లకు పన్ను కట్టమని ఇళ్లకు బిల్లులు పంపాయి. వ్యాపారి చౌకగా ఇచ్చాడు కదా అని కొన్నవారు, ఆ పన్ను తమ మీదే ఉందని బిల్లు వచ్చేవరకు గ్రహించలేదు.

తెలుగు ఇళ్లకు సంబంధించిన మాట ఒకటి ఇక్కడ తప్పక చెప్పాలి. ఊరి నుంచి పచ్చళ్లు, పొడులతో పాటు నాన్నగారి కోసమో మామయ్య కోసమో ఖైనీ, జర్దా, ముక్కుపొడి డబ్బా పార్శిల్‌లో వేయించే అలవాటు మనవాళ్లలో ఉంది. చట్టం పొగలేని పొగాకు అంటున్నది వీటినే. అమెరికా లోపల ఒకరికొకరు పంపుకునే చిన్న పొట్లానికి ఇచ్చిన మినహాయింపు విదేశీ తపాలాకు వర్తించదు. దొరికితే స్వాధీనం చేసుకుంటారు. తపాలాలో నిషేధిత పొగాకు పంపినందుకు చట్టం చెప్పే సివిల్ జరిమానా సరుకు చిల్లర ధరకు పది రెట్లు, నేరంగా చూస్తే ఏడాది వరకు జైలు. ఇటు నుంచి అటు వేప్ పరికరం పంపడం మరింత ప్రమాదం. భారతదేశం 2019లో ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం, ప్రకటన, ఆన్‌లైన్ అమ్మకంతో సహా అన్నీ పూర్తిగా నిషేధించింది. మొదటి తప్పుకే ఏడాది జైలో, లక్ష రూపాయల జరిమానానో, రెండూనో పడవచ్చు. అక్కడి పద్ధతి నిష్కర్షగా ఉంది: సరుకే నిషిద్ధం. ఇక్కడ సరుకు చట్టబద్ధం, దారి నిషిద్ధం. రెండు దేశాల మధ్య తిరిగే మన పిల్లలు ఈ తేడా తెలియక ఇబ్బంది పడే అవకాశం ఎక్కువ.

సిగరెట్ల విషయంలో ప్యాక్ట్ చట్టం చేసిన పని మొత్తంగా మంచిదేనని నా అభిప్రాయం. పన్ను ఎగవేతే పెట్టుబడిగా, వయసు అడగకపోవడమే సౌకర్యంగా నడిచిన వ్యాపారం పోయినందుకు విచారించనవసరం లేదు. వేప్ విషయంలో మాత్రం మూడు మార్పులు రావాలని కోరుకుంటున్నాను. నికోటిన్ లేని విడిభాగాలను నిర్వచనం నుంచి తీసివేయాలి. యాభై రాష్ట్రాల నమోదు, నెలవారీ నివేదిక ఒకే చోట ఇచ్చే ఏర్పాటు సమాఖ్య ప్రభుత్వం చేయాలి. నమోదై, పన్ను కట్టి, వయసు సరిచూసిన వ్యాపారి సరుకును పెద్దవారి సంతకంతో మోయడానికి తపాలా శాఖకు అనుమతి ఇవ్వాలి. ప్రభుత్వ ఆమోదం లేని వాడిపారేసే వేప్‌లు తప్పుడు పేర్లతో ఓడరేవులు దాటి వచ్చి మా వీధి దుకాణాలలోనే దొరుకుతున్నాయి, వాటిని తెచ్చేవారెవరూ 10వ తేదీన నివేదిక పంపడం లేదు. ఆ నివేదికలు పంపడానికి సిద్ధపడినవారే ఇప్పటివరకు వ్యాపారం వదులుకున్నారు.